ఇంటి పక్క ట్రాన్స్‌ఫార్మర్, వంటింట్లో ఇండక్షన్ పొయ్యి: అత్తగారి క్యాన్సర్‌కి ఇవేనా కారణం?

రాజోలు కోడలు | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా అత్తగారికి 58 ఏళ్ళు. మూడు నెలల కిందట రొమ్ము క్యాన్సరని తేలింది. ఆపరేషన్ అయింది, మొన్ననే మూడో కీమో ఎక్కించారు.

మా ప్రహరీని ఆనుకుని వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మ ఉంది. పెరట్లో కొబ్బరి చెట్ల పక్కగా 11 కేవీ (11 వేల వోల్టుల) లైను పోతుంది. మా వీధిలోనే ఐదేళ్ళలో ముగ్గురు ఆడవాళ్ళకి క్యాన్సర్ వచ్చింది. చూడ్డానికి వచ్చినవాళ్ళందరూ "ఆ కరెంటు రేడియేషనేనమ్మా, ఆ ఇల్లు అమ్మేసుకోండి" అని చెప్పి పోతున్నారు. మావారు నిజంగానే బేరాలకి మనుషుల్ని పిలుస్తున్నారు.

నన్ను ఎక్కువ బాధపెడుతున్నది ఇంకోటి. నాలుగేళ్ళ కిందట నేనే పట్టుబట్టి ఇండక్షన్ పొయ్యి కొనిపించాను. అత్తగారు ఇప్పుడు దాన్ని అటక మీద పెట్టించి, పెరట్లో కట్టెల పొయ్యి మళ్ళీ వెలిగించారు. కొబ్బరి డొక్కలు, మట్టలు ఎగదోస్తూ, దగ్గుతూ వండుతున్నారు. నేను చేస్తానంటే పడనివ్వరు. ఒకరోజు "నువ్వు తెచ్చిన ఆ పెట్టె వల్లే కదే అమ్మాయ్" అన్నారు. కోపంగా కాదు, నెమ్మదిగానే అన్నారు. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టడం లేదు.

ఫోన్‌లో అయస్కాంత క్షేత్రం కొలిచే యాప్ దింపి చూశాను. వంటింట్లో 43 మైక్రోటెస్లా (ఆ క్షేత్రాన్ని కొలిచే ప్రమాణమట) చూపించింది. 0.4 దాటితే ప్రమాదమని చదివాను. అంటే వంద రెట్లు. మా పాపకి ఆరేళ్ళు, మీటరు బోర్డున్న గోడకే తలపెట్టి పడుకుంటుంది. తెలిసినవాళ్ళు చెప్పండి, ఇల్లు మారిపోవాలా?

---

చెరువుగట్టు, భీమవరం | ఆదివారం, రాత్రి 10:15

అమ్మా, మారిపోండి. నేను చెప్తున్నాను.

మాది రొయ్యల సాగు. చెరువు మకాంలోనే మేమిద్దరం పదేళ్ళు ఉన్నాం. మకాం గోడకి ఐదడుగుల్లో ట్రాన్స్‌ఫార్మర్, రాత్రంతా చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్ల మోటార్లు. మా ఇంటావిడకి 46వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది. పోయి మూడేళ్ళయింది. వాళ్ళ వంశంలో ఎవరికీ లేదు. మరి ఎక్కడి నుంచి వచ్చినట్టు? నార్వేలో హైటెన్షన్ లైన్ల పక్కనున్న ఆడవాళ్ళ మీద అధ్యయనం చేసి ఎక్కువ వస్తుందని తేల్చారు. 2004లో వచ్చింది, చదువుకున్న మా తమ్ముడు చూపించాడు. ఏమీ లేదని చెప్పేవాళ్ళు వచ్చి ఆ మకాంలో పడుకోవాలి.

---

భౌతికశాస్త్రం మాస్టారు, రామచంద్రపురం | ఆదివారం, రాత్రి 11:05

రాజోలు కోడలు గారూ, ముందు ఆ 43 సంగతి తేల్చుకుందాం. రేపు పొద్దున్నే ఫోను పట్టుకుని కరెంటు స్తంభమనేది కనబడని చోటికి, వరిచేలో మధ్య గట్టు మీదకి వెళ్ళండి. అదే యాప్ తెరిచి ఎంత చూపించిందో ఇక్కడ రాయండి. మిగతాది తర్వాత మాట్లాడతాను.

చెరువుగట్టు గారూ, మీ ఇంటావిడ గురించి చదివి మనసు కలతపడింది. నార్వే అధ్యయనం నిజంగా ఉంది. దాని గురించి తప్పకుండా రాస్తాను.

---

రాజోలు కోడలు | సోమవారం, ఉదయం 7:20

మాస్టారూ, పాపని బడి బస్సెక్కించి కాలవ దాటి చేలోకి వెళ్ళొచ్చాను. అక్కడ 42 చూపించింది. తీగ గానీ మోటారు గానీ లేదు. కొంగలు తప్ప ఏమీ లేవు. గట్టు మీద కూర్చుని ఏడ్చేశాను. ఇదేంటండీ?

---

భౌతికశాస్త్రం మాస్టారు, రామచంద్రపురం | సోమవారం, ఉదయం 8:00

అది భూమాత అయస్కాంత క్షేత్రమమ్మా. మన ప్రాంతంలో 40 మైక్రోటెస్లాకి కాస్త పైనే ఉంటుంది. ఫోన్‌లో దిక్సూచి పనిచేసేది దానితోనే. ఆ యాప్ ప్రధానంగా చూపేది దాన్నే. అది కదలని క్షేత్రం, మనిషి పుట్టక ముందు నుంచీ ఉన్నదే. ఇంటి కరెంటు క్షేత్రం వేరు. అది సెకనుకి 50 ఆవృతుల చొప్పున అటూ ఇటూ మారుతుంటుంది. దాన్ని కొలిచే మీటరు వేరే ఉంటుంది. మీరు చదివిన 0.4 ఈ రెండో రకానికి సంబంధించిన అంకె. ఆ రెండింటినీ పోల్చడం కుదరదు.

ఇక ఆ 0.4 ఎక్కడిదో చెప్తాను. 1979లో అమెరికాలోని డెన్వర్‌లో వెర్థైమర్, లీపర్ అనే ఇద్దరు, ఎక్కువ కరెంటు మోసే తీగల దగ్గరున్న ఇళ్ళలో పిల్లలకి క్యాన్సర్ ఎక్కువగా కనిపిస్తోందని రాశారు. కథంతా అక్కడ మొదలైంది. ఆ తర్వాత చాలా దేశాల అధ్యయనాలని కలిపి 2000లో లెక్కలు కట్టారు. ఇంట్లో సగటున 0.3, 0.4 మైక్రోటెస్లా దాటిన కొద్దిమంది పిల్లల్లో లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, దాదాపు రెట్టింపు కనిపించింది. అందుకే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో ఈ క్షేత్రాలని 2బీ వర్గంలో పెట్టింది. అంటే "కారణం కావచ్చునేమో" అన్న అనుమానపు వర్గం. ప్రయోగశాలలో దానికి బలమైన ఆధారం ఇప్పటికీ దొరకలేదు. ఇది పిల్లల లుకేమియా మాట. ఆడవాళ్ళ రొమ్ము క్యాన్సర్‌కి ఆ అంకెతో సంబంధం లేదు.

రొమ్ము క్యాన్సర్ అనుమానం వేరే దారిలో పుట్టింది. 1987లో రిచర్డ్ స్టీవెన్స్ అనే శాస్త్రవేత్త ఒక ఊహ చేశారు. చీకట్లో మన మెదడులో ఊరే మెలటోనిన్ అనే రసాయనాన్ని రాత్రి దీపాలు, కరెంటు క్షేత్రాలు తగ్గిస్తాయేమో, దానివల్ల రొమ్ము క్యాన్సర్ పెరుగుతుందేమో అని. తెలివైన ఊహ, పరీక్షించాల్సిందే. పరీక్షించారు కూడా. అమెరికాలోని సియాటిల్‌లో ఆడవాళ్ళ పడగ్గదుల్లోనే మీటర్లు పెట్టి కొలిచారు, 2002లో ఫలితం వచ్చింది. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో, అక్కడి ఆడవాళ్ళే పోరాడి అడిగితే చేసిన పరిశోధనల్లో భాగంగా ఇంకోటి 2003లో వచ్చింది. రెండింట్లోనూ సంబంధం కనబడలేదు. చలికి వెచ్చదనమిచ్చే కరెంటు దుప్పట్లు ఒంటికి చుట్టుకుని పడుకున్న నర్సుల్లో కూడా కనబడలేదు.

చెరువుగట్టు గారు చెప్పిన నార్వే అధ్యయనంలో మాత్రం కొంత ఎక్కువ కనిపించిన మాట నిజమే. దాచను. కానీ 2013లో ఇంగ్లండ్, వేల్స్‌లలో లైన్ల పక్క నివాసాల మీద చాలా పెద్ద పరిశీలన వచ్చింది. రొమ్ము క్యాన్సర్ కేసులే 29 వేల పైచిలుకు. దూరాన్ని బట్టి గానీ, లెక్కగట్టిన క్షేత్రాన్ని బట్టి గానీ తేడా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 నాటికే ఆధారాలన్నీ తూచి, రొమ్ము క్యాన్సర్‌తో సంబంధాన్ని అవి బలపరచడం లేదని చెప్పింది. నన్ను అడిగితే, మీ అత్తగారి జబ్బుకి ట్రాన్స్‌ఫార్మర్ కారణమని నేను నమ్మను.

---

పాత లైన్‌మన్, అమలాపురం | సోమవారం, ఉదయం 10:30

ఆయ్, మాస్టారు శాస్త్రం చెప్పారు, నేను స్తంభం సంగతి చెప్తానండి. 31 ఏళ్ళు లైన్ల మీద పనిచేసి రిటైరయ్యాను.

జనం 11 కేవీ అనగానే హడలిపోతారు. అయస్కాంత క్షేత్రం వోల్టేజీని బట్టి రాదండి, తీగలో పారే ఆంపియర్లని బట్టి వస్తుంది. హెచ్‌టీ, అంటే ఆ 11 కేవీ వైపు వోల్టేజీ ఎక్కువ, ఆంపియర్లు తక్కువ. దిమ్మ మీద నుంచి ఊళ్ళోకి దిగే ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) తీగల్లోనే ఆంపియర్లు ఎక్కువ. అయినా నాలుగైదు మీటర్లు దూరం పోయేసరికి బాగా పడిపోద్ది. మీ ప్రహరీకి, మీ మంచానికి మధ్య ఎంత దూరముందో చూసుకోండి.

పాప తల పెట్టుకునే గోడ మాత్రం నేనైతే మారుస్తానమ్మా. మంచం అవతలి గోడకి జరపండి. పైసా ఖర్చు లేదు. ఇంకో సంగతి. పాత పెంకుటిళ్ళలో, వైరింగ్ సరిగా లేనిచోట, న్యూట్రల్‌లో, అంటే కరెంటు తిరిగి వెళ్ళే తీగలో, పోవాల్సిన కరెంటు కొంత ఎర్తింగ్ వైపు, అంటే భూమిలోకి దిగే తీగ వైపు, దారి తీస్తుంది. ఫేజూ (కరెంటు తెచ్చే తీగ) న్యూట్రలూ పక్కపక్కనే ఉండి ఎదురెదురుగా పారితే రెండు క్షేత్రాలూ ఒకదాన్నొకటి దాదాపు చెరిపేసుకుంటాయి. వేరే దారిలో పోతే చెరగవు, ఇల్లంతా పరుచుకుంటాయి. కాబట్టి మంచి ఎలక్ట్రీషియన్‌ని పిలిచి న్యూట్రల్, ఎర్తింగ్ చూపించండి. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, పెట్టించండి.

అది క్యాన్సర్ కోసం కాదు, ప్రాణాల కోసం. నా సర్వీసులో కరెంటుకి పోయిన ఆడవాళ్ళని చూశాను. తడి బట్టలు ఇనప తీగ దండెం మీద ఆరేస్తుంటే పోయినవాళ్ళు, తడి చేత్తో మోటారు స్విచ్ ముట్టుకుని పోయినవాళ్ళు. మీ పెరట్లో దండెం ఇనప తీగైతే ఇవాళే విప్పేసి నైలాను తాడు కట్టండి. కొబ్బరి మట్ట లైనుకి తగులుతుంటే గెడ పెట్టి మీరు లాగొద్దు, ఆఫీసుకి చెప్పి లైను ఆపించి కొట్టించండి.

---

యానాం కుర్రాడు | సోమవారం, మధ్యాహ్నం 1:10

మరి వైఫై, సెల్ టవర్ సంగతేంటండీ? మా అమ్మ రాత్రి రౌటర్ తీసేస్తే గానీ పడుకోదు. మైక్రోవేవ్ వాడొచ్చా?

---

భౌతికశాస్త్రం మాస్టారు, రామచంద్రపురం | సోమవారం, మధ్యాహ్నం 2:00

అది రేడియో తరంగాల జాతి బాబూ, 50 హెర్ట్జ్ (సెకనుకి 50 ఆవృతుల) ఇంటి కరెంటు క్షేత్రం కాదు. దాన్నీ 2011లో 2బీలోనే పెట్టారు, ముఖ్యంగా ఫోను చెవికి ఆనించి ఎక్కువ మాట్లాడేవాళ్ళలో మెదడు గడ్డల అనుమానంతో. తర్వాత బ్రిటన్‌లో 7 లక్షల 76 వేల మంది ఆడవాళ్ళని ఏళ్ళ తరబడి గమనించి 2022లో చెప్పారు, ఫోను వాడేవాళ్ళలో మెదడు గడ్డలు పెరగలేదని. మన దేశంలో టవర్ల పరిమితిని 2012 సెప్టెంబరు 1 నుంచి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకి తగ్గించారు.

ఇక ఇంటి కరెంటు క్షేత్రం సంగతికొస్తే, మైక్రోవేవ్ దగ్గర అడుగు దూరంలో 4 నుంచి 8 మైక్రోటెస్లా, ఫ్రిజ్ దగ్గర అదే దూరంలో 0.25 లోపు ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో ఉంది. ఆన్ చేసి రెండడుగులు వెనక్కి నిలబడితే చాలు. ఇండక్షన్ పొయ్యికైతే అడుగు చదునుగా, పొయ్యి చుట్టుకి సరిపోయే గిన్నె పెట్టాలి. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడిగాకే వాడాలి. అమ్మకి రౌటర్ తీసేస్తే నిద్ర పడుతుందంటే తీసెయ్యండి, నష్టమేముంది?

---

పాలకొల్లు నర్సమ్మ | సోమవారం, సాయంత్రం 6:45

నేను స్టాఫ్ నర్సుగా చేసి దిగిపోయినదాన్ని. ఇందాకట్నుంచి చదువుతున్నాను. ఎవరూ ఒక ప్రశ్న అడగలేదు. అమ్మాయ్, మీ వీధిలో ముగ్గురన్నావు. ఎవరికి ఏ క్యాన్సర్?

---

రాజోలు కోడలు | సోమవారం, రాత్రి 8:10

అత్తగారిది రొమ్ముదండి. మూడిళ్ళ అవతల పిన్నిగారిది గర్భసంచి ముఖద్వారానిది. మూలింట్లో మామ్మగారికి నోట్లో, పైన అంగిట్లో పుండు పడి అదే క్యాన్సరన్నారు. ఆవిడ పోయారు. ఆవిడది పుట్టిల్లు శ్రీకాకుళం వైపు. చుట్ట కాల్చేవారు.

---

పాలకొల్లు నర్సమ్మ | సోమవారం, రాత్రి 8:30

అడ్డపొగేనా?

---

రాజోలు కోడలు | సోమవారం, రాత్రి 8:34

అవునండి. నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చేవారు. చిన్నప్పుడు మాకు వింతగా ఉండేది.

---

కాకినాడ ఆడపడుచు | సోమవారం, రాత్రి 9:00

మా నాన్నమ్మా అంతే. చేపల గంప నెత్తిన, చుట్ట నోట్లో, మండే కొస లోపలికి. గాలికి ఆరదని, నుసి రాలదని, మగవాళ్ళ ముందు కనబడదని అలా అలవాటు చేసుకున్నారట. ఉత్తరాంధ్ర తీరంలో అంగిలి క్యాన్సర్ ఆడవాళ్ళలో అంతగా కనబడటానికి అదే కారణమని డాక్టర్లు ఎప్పుడో రాశారు. ఆవిడ నోరు తెరిస్తే అంగిలంతా తెల్లగా, చుక్కలు చుక్కలుగా ఉండేది. మేం వయసు అనుకున్నాం.

---

పాలకొల్లు నర్సమ్మ | సోమవారం, రాత్రి 9:40

చూశావా అమ్మాయ్, ఆ ముగ్గురివీ మూడు వేరువేరు జబ్బులు. అంగిలిది చుట్టది. గర్భసంచి ముఖద్వారానిది దాదాపు ఎప్పుడూ హెచ్‌పీవీ అనే వైరస్‌ది. రొమ్ముది ఒక్క కారణం చూపించలేం, వయసు, హార్మోన్లు, వంశం, బరువు అన్నీ కలుస్తాయి. వంశంలో లేకుండా వచ్చేవాళ్ళే ఎక్కువ. 2022 అంచనాల్లో మన దేశంలో ఒక్క ఏడాదిలో రొమ్ము క్యాన్సర్ కొత్త కేసులు లక్షా 92 వేలు, ముఖద్వారానివి లక్షా 27 వేలు. ఇంత ఎక్కువగా ఉన్న జబ్బులు ఏ వీధిలోనైనా ఇద్దరు ముగ్గురికి కనబడతాయి. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న వీధిలో అయితే దాని మీదకి పోతుంది, గుడి ఉన్న వీధిలో అయితే దోషం మీదకి పోతుంది.

ఇంక ఆ కట్టెల పొయ్యి. కరెంటు క్షేత్రం 2బీ అన్నారు మాస్టారు. ఇంట్లో కట్టెలు కాల్చిన పొగ అదే సంస్థ లెక్కలో 2ఏ, ఒక మెట్టు పైన, ఊపిరితిత్తుల క్యాన్సర్ విషయంలో. ఆ మెట్లు ఆధారం ఎంత గట్టిదో చెప్తాయి, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పవు, అది నిజమే. కానీ పొగకి క్యాన్సర్ ఒక్కటే కాదుగా, ఆయాసం, గుండె, కళ్ళు కూడా ఉన్నాయి. కీమో నడుస్తున్న మనిషికి రక్తంలో తెల్లకణాలు పడిపోయి ఉంటాయి. ఆ ఊపిరితిత్తులకి పొగ పెట్టడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు. ఈ భయాన్ని ఎక్కించినవాళ్ళ మీద నాకు కోపంగా ఉంది. ఆవిడ్ని పెరట్లోకి తోసింది వాళ్ళే.

ఇంకో మాట అడుగుతాను, ఇష్టముంటేనే చెప్పు. గడ్డ ఆవిడకి ఎప్పుడు తెలిసింది?

---

రాజోలు కోడలు | సోమవారం, రాత్రి 11:50

చాలాసేపు రాయాలా వద్దా అని ఆలోచించాను.

సంక్రాంతికి తెలిసిందట. స్నానం చేస్తుంటే చేతికి తగిలిందట. నొప్పి లేదు కదా అని ఊరుకున్నారు. మాకు చెప్పింది వినాయక చవితి వెళ్ళాక. ఎందుకు చెప్పలేదంటే "మగ డాక్టరు చూస్తాడని, మీ మావయ్యకి ఎలా చెప్పనని" అన్నారు. నేను అదే ఇంట్లో ఉన్నాను. రోజూ జడ వేసేదాన్ని. నాకు కూడా చెప్పలేదు.

---

చెరువుగట్టు, భీమవరం | మంగళవారం, ఉదయం 5:30

ఏరియేటర్లు ఆపి వచ్చి ఇది చదివాను.

మా ఇంటావిడా అంతేనమ్మా. ఆర్నెల్లు దాచింది. అప్పుడు కౌంటు పడే టైము, అంటే రొయ్య అమ్మకం సైజుకి వచ్చే టైము, లక్షలు పెట్టి ఉన్నాం. "పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాక చెబుదామనుకున్నా" అంది. పట్టుబడి అయింది. డాక్టరు అప్పటికే చంకలోకి పాకిందన్నాడు. నేను పక్కనే ఉండి చూడలేదు. మూడేళ్ళుగా ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ని చూస్తే ఒళ్ళు మండుతుంది. దాన్ని తిట్టడం తేలిక.

నార్వే సంగతి నేను ఇంకా పూర్తిగా వదల్లేదు మాస్టారూ. కానీ ఇల్లు అమ్మమని చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నానమ్మా.

---

పాలకొల్లు నర్సమ్మ | మంగళవారం, ఉదయం 9:15

చెరువుగట్టు బాబూ, ఆర్నెల్లు దాచేది మీ ఇంటావిడ ఒక్కతే కాదు. నా దగ్గరికి వచ్చినవాళ్ళలో సగానికి సగం అంతే. నొప్పి లేదని ఊరుకుంటారు. నొప్పి లేకపోవడమే ఆ గడ్డ లక్షణమని ఎవరూ చెప్పరు.

అందుకే విడమరిచి రాస్తున్నాను, సిగ్గుపడకుండా చదవండి. రొమ్ములో గానీ చంకలో గానీ కొత్తగా గట్టి గడ్డ తగిలినా, చర్మం బత్తాయి తొక్కలా గుంటలు పడినా, చనుమొన లోపలికి లాక్కుపోయినా, రక్తం లాంటిది కారినా, ఆ వారంలోనే చూపించుకోవాలి. 30 దాటిన ఆడవాళ్ళకి నోరు, రొమ్ము, ముఖద్వారం పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. ముఖద్వారానికి పలచని వెనిగర్ లాంటి ద్రావణం రాసి చూస్తారు, కొద్ది నిమిషాల పని, కోత లేదు. ఆడ నర్సు చూడాలని అడగొచ్చు, అడగండి. ఆశా అమ్మాయి ఇంటికొచ్చి అడిగితే "మాకేం లేవు" అని గుమ్మంలోంచే పంపేయకండి.

---

రాజోలు కోడలు | ఐదు వారాల తర్వాత, శనివారం, సాయంత్రం 5:20

ఇన్నాళ్ళూ రాయలేదు, క్షమించండి. అత్తగారికి ఐదో కీమో అయింది.

మాస్టారు వాళ్ళ కాలేజీ మీటరు ఇచ్చి పంపారు, ఆయన మేలు మర్చిపోను. పాప తల పెట్టే చోట 0.7 చూపించింది. అవతలి గోడకి మంచం జరిపితే 0.1. ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే లైన్‌మన్ బాబాయ్ గారు చెప్పినట్టే న్యూట్రల్ వదులుగా ఉంది, కొంత ఎర్తింగ్‌లోకి పోతోంది. సరిచేశాక ఇంట్లో చాలా చోట్ల 0.05 దగ్గర ఆగింది. ప్రహరీ అవతల దిమ్మ పక్కన 1.5 ఉంది గానీ, అత్తగారు పడుకునే గదిలోకి వచ్చేసరికి ఏమీ లేదు. దండెం తీగ విప్పేశాం. ఇల్లు అమ్మడం మానుకున్నారు మావారు.

ఈ అంకెలన్నీ అత్తగారికి చూపించాను. మీటరు ఆవిడ చేతికే ఇచ్చాను. గదులన్నీ తిరిగి, ఇండక్షన్ పొయ్యి దించమని, వెలిగించమని, తనే కొలిచి చూశారు. అడుగున్నర వెనక్కి జరిగితే అంకె ఎలా పడిపోతోందో రెండుసార్లు చూశారు. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. "నిన్ను ఆ మాట అనకుండా ఉండాల్సింది" అన్నారు. కాఫీ, పాలు, కూరలు ఇప్పుడు దాని మీదే. అన్నం మాత్రం కట్టెల మీద ఉడికితేనే రుచి అంటున్నారు. అది నేను గ్యాస్ మీద వండి పెడుతున్నాను, గొడవ పడుతూనే తింటున్నారు.

బుధవారం మా ఆరోగ్య కేంద్రంలో పరీక్షలు ఉన్నాయి. నేను, మా తోడికోడలు, వీధిలో ఇంకో నలుగురం వెళ్తున్నాం. పిన్నిగారమ్మాయి రానంటోంది, సిగ్గట. అత్తగారు స్కార్ఫు కట్టుకుని వాళ్ళింటికి వెళ్ళి కూర్చున్నారు, ఇంకా రాలేదు.

---

చెరువుగట్టు, భీమవరం | శనివారం, సాయంత్రం 6:05

నర్సమ్మ గారూ, మా చెరువుల మీద మేత జల్లే ఆడవాళ్ళు, పట్టుబడికి రొయ్యల తలలు తీసే ఆడవాళ్ళు కలిపి పాతికమంది ఉంటారు. ఆ పరీక్షలు మకాం దగ్గరికి వచ్చి చేయించాలంటే ఎవరిని అడగాలి? బండి, భోజనం ఖర్చు నేను పెట్టుకుంటాను.

---

పాలకొల్లు నర్సమ్మ | శనివారం, సాయంత్రం 6:20

మకాం దగ్గర కుదరదు బాబూ, మాటు ఉండాలి, బల్ల ఉండాలి. మీ పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) మెడికల్ ఆఫీసర్ని సోమవారం కలిసి రోజు అడుగు, పాతికమందినీ బండి మీద అక్కడికే తీసుకురా. నేనూ వస్తాను. కూలి పోయిందని ఎవరూ ఆగిపోకుండా ఆ రోజు కూలి కూడా నువ్వే ఇవ్వు.

---

చెరువుగట్టు, భీమవరం | శనివారం, సాయంత్రం 6:22

ఇస్తానమ్మా.